ఒళ్ళు చెప్పిన సాక్ష్యం

“రోజూ ఏమేం తింటారమ్మా?” అని అడిగింది ఆ అమ్మాయి.

మోకాళ్ళు చూపించుకుందామని కర్నూలులో ఒక ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషన్‌కు ముందు కాస్త బరువు దించాలని చెప్పి, తిండి గురించి సలహాలిచ్చే గదికి పంపించారు డాక్టరుగారు. అక్కడున్న అమ్మాయికి నా దగ్గర చదువుకున్న పిల్లల పిల్లల వయసుంటుంది. ముఖాన నవ్వు చెరగని పిల్ల. నా పక్కన మా కోడలు షమీమ్ కూర్చుంది. అడిగింది ఎంత మామూలు ప్రశ్న! బళ్ళో తెలుగు టీచరుగా ఉన్నన్నాళ్ళూ పిల్లలను ప్రశ్నలు వేసి నిలబెట్టినదాన్ని, ఆ ప్రశ్నకు నాకు చెవులు వేడెక్కాయి. “పొద్దున రెండు ఇడ్లీలు” అన్నాను. నిజానికి మూడు. ఆ మూడో ఇడ్లీని ఎందుకు దాచానో నాకే తెలియదు. ఇడ్లీ దొంగతనం చేశానని ఎవరూ కేసు పెట్టరు కదా. షమీమ్ నా వైపు చూసి, మళ్ళీ తన చేతిసంచి వైపు చూసుకుంది. ఇంట్లో ఇడ్లీలు పెట్టేది తనే మరి.

తర్వాత చెప్పులు విప్పించి ఒక మిషన్ మీద నిలబెట్టింది. రెండు చేతులతో పిడులు పట్టుకుని బొమ్మలా నిలబడితే, ఒంట్లో కొవ్వెంత, కండెంత, నీళ్ళెంత అని అది విడివిడిగా చెబుతుందట. చెప్పింది కూడా. కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. “లోపలికి పోయేదెంత, ఖర్చయ్యేదెంత అని పైపైన లెక్కేస్తే సరిపోదమ్మా. కూర్చుని చేసే పనా, నడిచి చేసే పనా, నిద్ర ఎట్లా ఉంది, ఏం మందులు వాడుతున్నారు, మీ ఇంట్లోవాళ్ళ ఒళ్ళెట్లాంటిది, అన్నీ చూడాలి. ఒకే తిండి తిన్నా ఇద్దరు మనుషులు ఒకేలా ఉండరు” అంది. రోజుకు ఎంతమందికి చెబుతుందో ఏమో, ఆ మాట చాలా తేలిగ్గా అనేసింది. నాకు మాత్రం ఆ మాటను కొంగున కట్టుకుని మా ఊరికి తీసుకుపోయి, దర్గా ముందర నిలబడి గట్టిగా చదివి వినిపించాలనిపించింది. వినాల్సినవాళ్ళు ఎవరూ లేరిప్పుడు. 

అంతలోనే ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది. “మధ్యమధ్యలో ఎవరూ లేనప్పుడు ఏమైనా తింటుంటారా? దాచకుండా చెప్పండి, తప్పేం లేదు.” గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. గుమ్మడికాయ ఎత్తుకుపోకుండానే జీవితమంతా భుజాలు తడుముకుంటూ బతికినదాన్ని. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు.

జమ్మలమడుగు దాటాక, నల్లరేగడి ఎర్రనేల కలిసే చోట మా ఊరు. మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చేసేది నమాజు. రంజాను నెల రోజాలను మా ఇంట్లో ఒక్కపొద్దులు అనేవాళ్ళు. నాయన దూది ఏకే బద్దను భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. శనివారం వెళ్తే శుక్రవారానికి ఇల్లు చేరేవాడు. చొక్కా విదిలిస్తే దూది పొగలా లేచేది. అమ్మ చేల్లోకి కూలికి పోయేది. ఇంట్లో పెత్తనం మా జేజిది, అంటే నాయనను కన్నతల్లిది. మనిషి పిడికెడే అయినా ఆమె గొంతు విని వీధిలో కోళ్ళు కూడా తప్పుకునేవి. పొయ్యి దగ్గరికి ఇంకెవరినీ రానిచ్చేది కాదు. సంగటి కెలికి, చన్నీళ్ళలో చేయి ముంచి, పొగలు కక్కుతున్న ముద్దను అరచేతుల్లో దొర్లించి గుండ్రంగా చేసేది. నాయన ఉంటే ఆయనకు పెద్ద ముద్ద. మా ముగ్గురు ఆడవాళ్ళకూ ఒకటే కొలత. ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి అందులో చెనక్కాయల ఊరిబిండి, అంటే కచ్చాపచ్చాగా నూరిన వేరుశనగ పచ్చడి, పెట్టేది. ఆ సంగటి వాసన, మూలనున్న దూది మూటల వాసన, నా ఒళ్ళో పొగాకు ఘాటు, మూడూ కలిసినదే నాకు ఇల్లంటే. 

పొగాకు ఎందుకంటే నేను బీడీలు చుట్టేదాన్ని. అంతకుముందు మేకల వెంట గుట్టలెక్కి దిగేదాన్ని. అప్పుడు నా కాళ్ళు జొన్నదంట్లలా ఉండేవని అమ్మ చెప్పేది. పెద్దమనిషినయ్యాక నీళ్ళకు తప్ప జేజి నన్ను గడప దాటనివ్వలేదు. బడి మాన్పించింది. పంచలో చాప వేసి, ఒళ్ళో చాట పెట్టి కూర్చోబెట్టింది. చాటలో పొగాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, పంటి కింద దారం. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేదాన్ని. తినేది మాత్రం అదే ముద్ద. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నా విషయంలో కొండ పెరిగింది. ఏడాది తిరిగేసరికి రవికెలు బిగుతయ్యాయి, మెడ కింద మడతలు పడ్డాయి, గాజులు వేయించుకోవాలంటే సబ్బు నురగ కావాల్సి వచ్చింది. నేను ఎక్కువ తినలేదు, నా పని మారిందంతే. ఈ ముక్క మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. 

వాన ముఖం చూడని నేల అది. అక్కడ లావు కావడమంటే ఎవరి నోటి దగ్గరిదో లాక్కున్నట్టే. మా ఊళ్ళో లావుగా ఉన్న ఆడవాళ్ళం ఇద్దరమే. ఒకరు పెద్దరెడ్డిగారి భార్య, రెండోదాన్ని నేను. ఆమె బండి దిగుతుంటే “మహాలచ్చిమి మాదిరి ఉండాది” అనేవాళ్ళు. నేను బిందె పట్టుకుని పోతుంటే పక్కింటి బూబమ్మత్త, “తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు” అని పాటలా అందుకునేది. ఇంట్లో సగం ఖర్చు నా బీడీలతోనే గడిచేది కానీ, బీడీలు చుట్టడం ఎవరి కంటికీ పనిలా కనిపించేది కాదు. చెమట పట్టదు కదా. చేను నుంచి వచ్చిన అమ్మ చెమటకు తడిసి, ఎండకు కమిలి, కట్టెపుల్లలా గడపలో కూలబడేది. ఆ పక్కన నేను. మా ఇద్దరినీ ఒకచోట చూసినవాళ్ళకు ఎవరు ఎవరిది తింటున్నారో వేరే చెప్పాల్సిన పని లేదనిపించేది. నాకూ అలాగే అనిపించేది. అమ్మ పక్కన కూర్చోవాలంటే సిగ్గేసి గోడ వారకు జరిగేదాన్ని.

ఆ ఏడు రంజాను చెనక్కాయలు పెరికే రోజుల్లో వచ్చింది. చెట్లు పెరికి కాయలు ఒలిచినందుకు కూలి కింద కాయలే కొలిచేవాళ్ళు. రోజూ అమ్మ కొంగులో మూటకట్టి తెచ్చిన కాయలు ఇంటి మూల చిన్న రాశిగా పెరిగాయి. వేసవిదాకా ఊరిబిండి, నూనె, పండగ రోజుకు బెల్లపు ఉండలు, అన్నీ ఆ రాశి మీదే. ఇంట్లో అందరం ఒక్కపొద్దే. తెల్లవారకముందు జేజి లేపి పెట్టిన సంగటి, మజ్జిగ. ఆ తర్వాత పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. ఉమ్మి మింగాలన్నా భయపడేదాన్ని నేను. పొగాకు ఘాటుకు ఖాళీ కడుపు తిప్పేది. అల్లాకు తెలుసు, ఒక్క రోజు కూడా నేను తప్పలేదు.

సగం నెల గడిచేసరికి అందరి దవడలూ లోపలికి పోయాయి. అమ్మ గాజులు మోచేతిదాకా జారేవి. నా గాజులు ఎక్కడివక్కడే. ఒక సాయంత్రం బూబమ్మత్త మా పంచలో కూర్చుని, నేను వింటుండగానే అంది.

“ఒక్కపొద్దు ఉండే మనిషి ఒళ్ళు ఇట్ల ఉంటాదా పెద్దమ్మా? నా కోడల్ని చూడు, ఎట్ల ఎండిపోయిందో. ఈ పాప ముఖం చూడు, నిగనిగలాడతాండాది.”

మరుసటి రోజు జేజి పొయ్యిలోంచి బూడిద తెచ్చి, చెనక్కాయల రాశి మీద వేళ్ళతో గీతలు గీసినట్టు చల్లింది. కళ్ళాల్లో రైతులు అలా చేసేవాళ్ళు. తూర్పారబట్టిన గింజల రాశి మీద రాత్రికి బూడిదతో గుర్తు పెడితే, ఎవరైనా చేయి పెట్టారంటే గీత చెదిరి తెల్లవారి తెలిసిపోతుంది. చేల దొంగల కోసం పెట్టుకున్న ఆ పద్ధతిని మా జేజి నా కోసం ఇంట్లోకి తెచ్చింది. రోజూ సాయంత్రం దీపం పట్టుకుని వంగి చూసేది. గీత చెదరలేదు. చెదరలేదని ఆమె నమ్మకం పెరగలేదు సరికదా, “అయితే ఇంగ యాడో తింటాంది” అనుకున్నట్టు నా వైపు ఇంకా అనుమానంగా చూసేది. 

ఒక మధ్యాహ్నం జేజి చావడి దగ్గర నీడలో నడుం వాల్చింది. నేను పంచలో బీడీలు చుడుతున్నాను. అమ్మ చేను నుంచి వచ్చింది, కాయలకు గోనెసంచి చాల్లేదంటూ. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. సంచి మా పంచలోనే వాసానికి వేలాడుతోంది. ఆ సంగతి చెబుదామని లేచి లోపలికి వెళ్ళాను. రాశి పక్కన అమ్మ గొంతుకూర్చుని ఉంది. రెండు చేతులతో కాయలు చిదిమి, పొట్టు కూడా ఊదకుండా నోట్లో వేసుకుంటోంది. దవడలు ఆగకుండా ఆడుతున్నాయి. తర్వాత కుండలోంచి చెంబు ముంచి గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీంచి కారి రవికె తడిసింది. చెంబు దించాక నేను కనిపించాను.

“కండ్లు చీకట్లు కమ్మినాయి పాపా” అంది. అంతే. గుల్లలు ఏరి కొంగులో కట్టుకుని, తలుపు వైపు చూస్తూ వెళ్ళిపోయింది. సంచి తీసుకోవడం మరిచిపోయింది.

చేలో కూర్చుని తినుంటే ఎవరికీ తెలిసేది కాదు కదా అనుకున్నాను అప్పట్లో. కాయలు ఒలిచే ప్రతి ఆడమనిషీ నాలుగు నోట్లో వేసుకుంటూనే ఒలుస్తుంది. కానీ అమ్మ పక్కన ఒలిచేవాళ్ళలో మా వీధివాళ్ళున్నారు, బూబమ్మత్త కోడలుంది. వాళ్ళ ముందు నోరు కదిలించలేక ఇంటిదాకా ఎండలో నడిచి వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను, శక్తి చాలనివాళ్ళకు ధర్మంలో వెసులుబాటు ఉందని, తర్వాతైనా తీర్చుకోవచ్చని. అడిగి ఉంటే మసీదులో నమాజు చేయించే మా హజ్రత్ కూడా అదే చెప్పేవాడేమో. వెసులుబాటు లేనిదల్లా మా ఇంట్లోనే.

సాయంత్రం జేజి దీపం పట్టుకుని వంగింది. చాలాసేపు లేవలేదు. లేచాక అరవలేదు కూడా, అదే నాకు భయమేసింది. ఆమె కాకుండా ఇంట్లో పగలంతా ఉన్నది నేనొక్కదాన్నే. ఇంక విచారించడానికి ఏముంది? “శుక్రవారం మీ నాయన వస్తాడు గదా. దర్గాకాడ గడప మీద చెయ్యి బెట్టి చెబుదువుగాని” అంది. మా ఊళ్ళో ఏ తగువైనా చివరికి చేరేది దర్గా గడపకే. దాని మీద చేయి పెట్టి అబద్ధమాడితే ఇల్లు ఆరిపోతుందని హిందువులు కూడా నమ్మేవాళ్ళు.

నాయన వచ్చాడు, విన్నాడు. “పసిబిడ్డ, ఆకలికి తినింటాది, వదిలేయ్ అమ్మా” అన్నాడు. చూడండి, నా తరఫున మాట్లాడిన ఒకే ఒక్క మనిషి కూడా నేను తినుంటాననే మాట్లాడాడు.

“తినింటే తిన్న్యానని చెప్పల్ల. దొంగతిండి తిని ఒక్కపొద్దు అని చెప్పుకుంటే ఇంటికే పాపం” అంది జేజి. దర్గాకు నడుస్తూ దారిలో అమ్మ వైపు తిరిగి, “ఇది గాకుంటే నువ్వు పెట్టాల చెయ్యి. ఆ తర్వాత నేను పెడతా. ఇంట్లో ఆడోళ్ళం ముగ్గరమే గదా” అంది. ఒక్కపొద్దు విడవడానికి తీసుకుపోతున్న నీళ్ళబిందె అమ్మ తలమీద ఒకవైపు ఒరిగింది. సర్దుకుంది. నా వెనకే నడిచింది, పక్కకు రాలేదు. 

ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు నిజం చెప్పాలనే అనుకున్నాను. నా ఒక్కపొద్దులన్నీ నిఖార్సైనవి. అన్నాళ్ళ ఆకలికి నాకు మిగిలే ఆస్తి ఆ ఒక్క మాటే, నేను తినలేదు అన్న మాట. కానీ నేను ఆ మాట అంటే తర్వాతి చేయి అమ్మది. అబద్ధం చెబితే ఇల్లు ఆరిపోతుంది. నిజం చెబితే జేజి ఆమెను పుట్టింటికి తరిమేస్తుంది. అంతకంటే చిన్న తప్పులకే రెండుసార్లు మూట కట్టించింది. పొద్దు వాలుతోంది. ఒక్కపొద్దు విడవడానికి దర్గా ముందర మా వీధివాళ్ళంతా గంజి గిన్నెలతో కూర్చున్నారు. జేజి నన్ను గడప ముందుకు నెట్టింది.

“బెట్టు చెయ్యి” అంది.

నేను చేయి పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను. “నేనే తిన్న్యా జేజీ” అన్నాను.

ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు. నాకు ఇన్నేళ్ళుగా గుండెలో గుచ్చుకునేది అదే. ఎప్పుడు తిన్నావని గానీ, ఎందుకు తిన్నావని గానీ అడగలేదెవరూ. అబద్ధాన్ని అతికించడానికి దారి పొడవునా నేను అల్లుకున్న మాటలన్నీ దండగైపోయాయి. బూబమ్మత్త గంజి కలుపుతూ, “చూస్తానే తెలీడంల్యా” అంది. ఎవరో నవ్వారు. దర్గా చూసుకునే ముజావరు ముసలాయన, “సరేలే, పిల్లది, ఒప్పుకుంది గదా” అని లోపలికి వెళ్ళిపోయాడు. నా నోరు చెప్పకపోయినా ఫర్వాలేదు, నా ఒళ్ళు అప్పటికే సాక్ష్యం చెప్పేసింది. అమ్మ ఆ గుంపు చివర కూర్చుని, గంజి గిన్నె నోటి దగ్గర పెట్టుకుని, తాగకుండా అలాగే ఉండిపోయింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె ముఖం చూడాలంటే సిగ్గేసింది. ఎవరి తరఫున సిగ్గుపడ్డానో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఆ రాత్రి నుంచి నా ముద్ద చిన్నదైంది. తగ్గిన ముద్దతో కూడా నేను తగ్గలేదు. తక్కువ పెడితే ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుందని మొన్న ఆసుపత్రిలో ఆ అమ్మాయి చెబితే తెలిసింది. అప్పట్లో జేజికి తెలిసిందల్లా, దొంగతిండి ఇంకా ఆగలేదని. నేను కంచం తీసుకుని దూది మూటల వెనక్కి వెళ్ళి, గోడ వైపు తిరిగి తినడం మొదలుపెట్టాను. నమిలే చప్పుడు వినపడకుండా ఊరిబిండి మానేశాను. రమ్మని అమ్మ కూడా పిలవలేదు.

తర్వాత బూడిద గీతలు పోయాయి, జేజి పోయింది. బడి పంతులుగారి భార్య పూనుకుని నాతో పరీక్షలు కట్టించింది, ఉద్యోగం వచ్చింది. నెమ్మదైన మనిషితో పెళ్ళయింది. ఆయనతో కాపురం చేసినన్నాళ్ళూ ఆయన ఎదురుగా కూర్చుని నేను కడుపునిండా అన్నం తిన్నది లేదు. వడ్డించి, అందరూ లేచాక, వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు. ఇల్లాలి ఓపిక అని ఆయన బంధువులు మెచ్చుకునేవాళ్ళు. బళ్ళో తోటి టీచర్లు డబ్బాలు విప్పితే నేను పేపర్లు దిద్దుకునేదాన్ని. బస్సులో ముగ్గురి సీటులో కూర్చుంటే కిటికీ వైపున్నామె గట్టిగా ఊపిరి వదిలేది. కర్నూలు బస్టాండులో రూపాయి వేస్తే బరువూ జోస్యమూ కలిపి అచ్చు కొట్టి ఇచ్చే మిషన్ ఉండేది. ఒకసారి మా అబ్బాయి సరదాపడి నన్ను ఎక్కించాడు. జోస్యం వైపు మాత్రం వాడికి చూపించి, అట్టముక్కను పిడికిట్లో నలిపేశాను. “మీరు శాంతస్వభావులు” అని ఉంది దాని మీద.

ఇప్పుడు చూస్తే లోకం తలకిందులైంది. ఆ రోజుల్లో వరి అన్నం వండుకున్న ఇంటివాళ్ళు మెతుకు మూతికి అంటించుకుని వీధిలోకి వచ్చేవాళ్ళు. ఈ రోజు కర్నూలు హోటళ్ళలో రాగిసంగటి కోసం కార్లలో వచ్చి వరుసలో నిలబడుతున్నారు. కొర్రలు సంచుల్లో బొమ్మలేసుకుని కూర్చున్నాయి. మా అమ్మ చేను నుంచి చేనుకు నడిచిన నడకను ఇప్పుడు మా కాలనీలో బూట్లు కొనుక్కుని నడుస్తున్నారు. అన్నీ మారాయి గానీ, మనిషి ఒంటిని చూసి తీర్పు చెప్పేసే తొందర మాత్రం మారలేదు. ఆ తొందర నాలోనూ ఉందని నాకు తెలిసివచ్చింది మా అమ్మ విషయంలో.

నాయన పోయాక అమ్మను కర్నూలుకు తెచ్చుకున్నాను. ముసలితనంలో కూడా అదే కట్టెపుల్ల. నాకు సుగరు బయటపడ్డాక ఇంట్లోనే రక్తం చూసుకునే చిన్న మిషన్ కొన్నాడు మా అబ్బాయి. వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని దూది అందించేది. అందిస్తూ ప్రతిసారీ ఒకే మాట. “నోరు కట్టుకోమ్మా. కొంచెం తగ్గిచ్చుకో.” ఆ మాట ఇంకెవరన్నా నేను పట్టించుకునేదాన్ని కాదు. అమ్మ అంటుంటే మాత్రం తల వంచుకుని దూదిని వేలికి అదుముకునేదాన్ని. కాయలు ఎవరు తిన్నారో తెలిసిన మనిషి కదా ఈమె, ఈమెకైనా తెలియదా అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు.

ఆ మిషన్ అమ్మ చేతికి అందేంత దూరంలోనే ఉండేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆమె వేలికి కూడా గుచ్చి చూద్దామని నాకు తోచలేదు. గాలికి ఎగిరిపోయేలా ఉండే మనిషికి సుగరేమిటి? మాటిమాటికి దాహమంటే ఎండలు అన్నాను. ఇంకా చిక్కిపోతుంటే వయసు అన్నాను. కాలి బొటనవేలికి చెప్పు ఒరుసుకుని పుండైంది, మానలేదు. పసుపు పెట్టుకుంది, నేనూ ఊరుకున్నాను. పాదం నల్లబడ్డాక పరుగెత్తాం. పరీక్ష చేసిన డాక్టరుగారు కాగితం చూసి, “ఎన్నేళ్ళుగానో ఉండి ఉంటుందమ్మా. ఇంట్లో ఎవరూ చూడలేదా?” అని అడిగారు. చదువుకున్నదాన్ని, సుగరు గురించి నలుగురికీ చెప్పేదాన్ని, చేతి సంచిలో మిషన్ పెట్టుకుని తిరిగేదాన్ని, ఆ మాటకు తలెత్తలేకపోయాను. లావుగా ఉన్నందుకు నేను తినని తిండికి దొంగనయ్యాను. సన్నగా ఉన్నందుకు అమ్మకు ఉన్న జబ్బు లేకుండాపోయింది. మా జేజికి చదువు రాదు. నాకేమొచ్చింది?

పాదం తీసేశారు. అయినా విషం ఆగలేదు. చివరి వారంలో ఒక మధ్యాహ్నం షమీమ్ క్యారియర్ పెట్టి పిల్లవాణ్ణి బడి నుంచి తేవడానికి వెళ్ళింది. ఆసుపత్రి గదిలో మేమిద్దరమే. నేను క్యారియర్ తీసుకుని వరండాలోకి వెళ్ళబోతుంటే అమ్మ పిలిచింది.

“యాడికి పోతాండావు?”

“తినేసి వస్తానమ్మా.”

“ఈడనే తిను. నా ముందర కూచొని తిను.”

“నీ నిద్ర చెడుతుందమ్మా.”

“నాకాడ కూడా సిగ్గేందే నీకు? ఎవరుండారు ఈడ? కూచో.”

ఆమె గొంతు అలా గట్టిగా వినిపించి చాలా రోజులైంది. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. మూత తీసి అన్నం, పప్పు కలుపుకున్నాను. మొదటి ముద్ద మింగుడుపడలేదు. అమ్మ ఒత్తిగిలి పడుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది, నా చేతిని, నా నోటిని. చెమట పట్టింది నాకు. గోడ వైపు తిరగాలనిపించింది. తిరగలేదు. నేను రోజూ తినేంత తిన్నాను, ఒక మెతుకు దాచలేదు, ఒక మెతుకు ఎక్కువ తినలేదు. గిన్నెలో ఇంకా అన్నం ఉంది. మూత పెట్టి నీళ్ళు తాగాను.

“ఇంగ పెట్టుకో” అంది అమ్మ.

“చాలమ్మా. నిండింది.”

“ఇంతేనా?”

“ఇంతేనమ్మా.”

“ఎప్పుడూ ఇంతేనా నువ్వు తినేది?”

“ఎప్పుడూ ఇంతే.”

అమ్మ కాసేపు గిన్నె వైపు చూసింది, తర్వాత నా ఒంటి వైపు చూసింది. సూదులు గుచ్చి నల్లబడిన చేయి చాపి, నా ఎంగిలి చేతిని అలాగే పట్టుకుంది.

“నేను గూడా నువ్వు చాటుగా తింటాండావనే అనుకొన్న్యా పాపా” అంది.